ల్యాప్‌టాప్ కొనకుండా ఫోన్‌నే టీవీకి తగిలించి పని చేసుకోవచ్చా? ఏ కేబుల్ కొనాలి?

ల్యాప్‌టాప్ మీద డబ్బు పెట్టే బదులు ఉన్న ఫోన్‌నే హాల్లో టీవీకి తగిలించి ఆఫీసు పనీ, సినిమాలూ రెండూ కానిచ్చేయొచ్చా అని అడిగారు. భేషుగ్గా కానిచ్చేయొచ్చు. నేను తిరుపతిలో చిన్న వ్యాపారులకు జీఎస్టీ రిటర్నులు వేసి పెడుతుంటాను. నా పనిలో సగం ఇప్పుడు ఇట్లాగే నడుస్తోంది. కాకపోతే కేబుల్ గురించి అడిగారు గానీ, మీ ఫోన్ ఏదో చెప్పలేదు. మెలికంతా అక్కడే ఉంది.

మా వృత్తిలో 20వ తేదీ అంటే నెలనెలా వచ్చే తద్దినం. వ్యాపారులు నెలనెలా పన్ను లెక్క చూపే 3బీ రిటర్నుకు అదే గడువు. దాటితే రోజుకు 50 రూపాయలు లేటు ఫీజు, కట్టాల్సిన పన్ను మీద 18 శాతం వడ్డీ, ఆ పైన పార్టీ, అంటే మనకు పని అప్పజెప్పిన వ్యాపారి, నోటితో పడే చివాట్లు. సరిగ్గా అలాంటి ఒక 20న పొద్దున నా ల్యాప్‌టాప్ ఆన్ కావడం మానేసింది. రిపేరు షాపు అబ్బాయి వెనక మూత విప్పి, టార్చి వేసి చూసి, "బోర్డు పోయిందన్నా, వారం పడతాది" అన్నాడు. డిజిటల్ సిగ్నేచర్ డాంగిల్ (సంతకం దాచుకునే పెన్‌డ్రైవ్ లాంటిది) కంప్యూటర్‌కు గుచ్చాల్సిన ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పని ఒకటుంటే దాన్ని స్నేహితుడి ఆఫీసులో కూర్చుని ముగించాను. మిగతావన్నీ సొంత దుకాణాలవాళ్లవి, ఓటీపీతో అయిపోయేవి. అవి ఇంట్లో చూసుకుందాంలే అని బైరాగిపట్టెడకు వచ్చేశాను.

ఇంట్లో చూస్తే మదనపల్లె నుంచి పెద్దమ్మ, కుప్పం నుంచి మేనత్త కొడుకు, వాళ్ల పిల్లలు. దర్శనానికి వచ్చారు. తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. కొండెక్కేవాళ్లూ మన ఇంట్లోనే దిగుతారు, కొండ దిగినవాళ్లూ మన ఇంట్లోనే పడుకుంటారు. పైగా మూడొందల టికెట్లు వదిలే రోజున "నీకు కంప్యూటర్ ఉండాది గదా, నువ్వే కొట్టు నాయనా" అని ఫోన్లు. తెర పెద్దదైతే టికెట్టు తొందరగా దొరుకుతుందని ఎవరు చెప్పారో వీళ్లకు!

నా దగ్గర ఉన్నది పాత శాంసంగ్ ఎస్21 ఎఫ్ఈ. శాంసంగ్ ఎస్ సిరీస్ ఫోన్లలో 2017లో ఎస్8తో మొదలైన డెక్స్ అనే సదుపాయం ఉంటుంది. టీవీకి తగిలిస్తే ఫోన్ తెర పెద్దదై కనపడటం ఒక్కటే కాదు, కింద టాస్క్‌బార్, విడివిడి కిటికీలు, మౌసు బాణం, అచ్చం కంప్యూటర్‌లాగే తెరుచుకుంటుంది. మొదట్లో దానికని ఫోన్‌ను కూర్చోబెట్టే డాక్ అనే పరికరం ప్రత్యేకంగా కొనాల్సి వచ్చేది. 2018లో నోట్ 9 వచ్చాక మామూలు సీ టైప్ హబ్ చాలు. ఆ హబ్ ఎప్పుడో కొని సొరుగులో పడేసి ఉంది. ఒక హెచ్‌డీఎంఐ రంధ్రం, కీబోర్డుకీ మౌసుకీ యూఎస్‌బీ రంధ్రాలు, పక్కన చార్జర్ గుచ్చుకోవడానికి ఇంకో సీ పోర్టు. ఈ చివరిది లేని హబ్ కొనకండి, సగం పనిలో బ్యాటరీ కూర్చుంటుంది.

హబ్ దొరికింది సరే, టీవీ దగ్గర అసలు యుద్ధం. మా కార్పెంటర్ గోడంతా ప్లైవుడ్ కొట్టి, దాని మీద టీవీని బల్లిలాగా అతికించి పోయాడు. హెచ్‌డీఎంఐ రంధ్రాలేమో సరిగ్గా వీపు మధ్యలో. వేళ్లు దూరవు. బావ కింది అంచు పట్టుకుని కాస్త ముందుకు లాగితే, నేను చెంప గోడకి ఆనించి, చేత్తో తడుముతూ గుచ్చాను. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, టీవీ బిగించకముందే ఒక హెచ్‌డీఎంఐ వైరు తగిలించి కిందికి వేలాడదీయించుకోండి. లైట్ల పీవోపీకి లక్షలు పోస్తారు, ఈ మూడొందల వైరు సంగతి ఎవరికీ గుర్తుండదు.

టీవీలో డెక్స్ వచ్చింది. అయితే అంచులు తెగిపోయి, టాస్క్‌బార్ సగమే కనపడింది. ఇది అందరికీ వచ్చే తంటానే. టీవీలు బొమ్మను కాస్త పెద్దది చేసి చూపిస్తాయి. పిక్చర్ సెట్టింగుల్లో సైజు దగ్గర 'స్క్రీన్ ఫిట్' అనో 'జస్ట్ స్కాన్' అనో ఉంటుంది, అది పెట్టాలి. ఆ హెచ్‌డీఎంఐ పేరును 'పీసీ' అని మార్చుకునే వీలుంటే మార్చండి, అక్షరాల చుట్టూ ఉండే మసక తగ్గుతుంది. మౌసు కదిపిన కాసేపటికి బాణం కదిలితే గేమ్ మోడ్ పెట్టండి. మా టీవీ 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ కాబట్టి నడిచింది. 32 అంగుళాల 'హెచ్‌డీ రెడీ' రకమైతే 1366 × 768 చుక్కలే ఉంటాయి, ఎక్సెల్ అంకెలు చూసి చూసి సాయంత్రానికి కళ్లు మండుతాయి. దాని మీద సినిమా చూడొచ్చు, లెక్కలు రాయలేం.

కొనుగోళ్ల పుస్తకం ఒకవైపు, జీఎస్టీ పోర్టల్ నుంచి దింపిన 2బీ షీటు (అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల జాబితా) ఇంకోవైపు పెట్టుకుని ఒక్కో బిల్లూ పోల్చుకుంటూ కూర్చున్నాను. వెనక సోఫాలో పెద్దమ్మ, అమ్మ, పిల్లలు, అందరూ టీవీ వైపే చూపు. గాంధీ రోడ్డు దుకాణదారు ఎంత టర్నోవరు చేస్తాడో మా వాళ్లందరికీ తెలిసిపోతోందని బాణాన్ని పరుగెత్తించి ఆ వరుస దాచేశాను.

"ఏంరా ఈ గళ్లు? ఇంగ ఎంతసేపు ఉండాది? సీరియల్ టైమయింది" అని అమ్మ.

"అమ్మా, ఇంకో రెండే."

"నీ రెండు ఎప్పటికి అవతాయో!"

ఈ లోపల బావకు హుషారొచ్చింది. "నీది పాత ఫోనే గదరా, నాది పోయిన నెలే కొన్నా, 5జీ. దీన్ని తగిలించి చూడు, ఇంకా స్పీడుగా పోతాది" అని ఒక పని ముగిశాక మధ్యలో తన ఫోన్ గుచ్చాడు. కీబోర్డు పని చేసింది. మౌసు బాణం ఆయన ఫోన్ తెర మీద తిరిగింది. టీవీలో మాత్రం 'నో సిగ్నల్'. తీసి మళ్లీ గుచ్చాడు. తిప్పి గుచ్చాడు. ఊదాడు కూడా. "నీ హబ్బే సరిగ్గా లేదు" అని తేల్చేశాడు. నా ఫోన్ గుచ్చగానే వచ్చేసింది.

మీ ప్రశ్నకు జవాబు ఆ హాల్లోనే ఉంది. రెండు ఫోన్లకూ ఒకే ఆకారం రంధ్రం, ఒకే హబ్, ఒకే టీవీ. కానీ సీ పోర్టు నుంచి వీడియో బయటికి రావాలంటే లోపల డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ అనేదానికి తీగలు వేసి ఉండాలి. ఈ పద్ధతి 2014 నుంచీ ఉంది. ఖరీదైన ఫోన్లలో ఉంటుంది, మామూలు ధరల ఫోన్లలో దాదాపు ఉండదు. వాటి పోర్టు యూఎస్‌బీ 2.0 దగ్గరే ఆగిపోయి ఉంటుంది. చార్జింగు, ఫైళ్లు, కీబోర్డు వరకే దాని సత్తా. నాకు ఒళ్లు మండేది ఏమిటంటే, డబ్బా మీద కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో బొమ్మేసి మరీ రాస్తారు, ఈ ఒక్క ముక్క మాత్రం రాయరు. షాపువాడిని అడిగితే "సీ టైపే గదా సార్, అన్నిటికీ వస్తాది" అంటాడు. వాడికీ తెలియదు పాపం.

ఆ సాయంత్రం ఇంకో సంగతి జరిగింది. ఆఖరి రిటర్ను సబ్మిట్ చేసి, ఓటీపీ కోసం పార్టీకి ఫోన్ చేద్దామనుకునేసరికి కరెంటు పోయింది. టీవీ ఆరిపోయింది, రౌటర్ ఆరిపోయింది. పెద్దమ్మ "అయ్యో, నాయన కష్టమంతా పాయె" అంది. ఏమీ పోలేదు. డెక్స్ కిటికీ మూసుకుంది గానీ ఫోన్ బతికే ఉంది, వైఫై పోగానే సిమ్ డేటాకి మారింది. ఆ ఫోన్ మీదే పోర్టల్ మళ్లీ తెరిచాను. అదే ఫోన్‌తో పార్టీకి కాల్ చేసి, స్పీకర్లో ఓటీపీ చెప్పించుకుని, చీకట్లో నొక్కేశాను. నా పాత డెస్క్‌టాప్ అయి ఉంటే యూపీఎస్ కుయ్యిమంటుంటే పరుగులు పెట్టేవాణ్ని. బ్యాటరీ, ఇంటర్నెట్టు, కాలింగు మూడూ కడుపులో పెట్టుకున్న కంప్యూటర్ ఇంకోటి చూపించండి నాకు. లెక్కలు రాసుకునేవాడికీ, కోచింగ్ సెంటర్లో పీపీటీ చూపించేవాడికీ, మెయిళ్లూ మీటింగులూ తప్ప వేరే పని లేనివాడికీ 50 వేల ల్యాప్‌టాప్ దండగ అని నా గట్టి నమ్మకం. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ అయితే నేరుగా నడవదు, దానికి విండోస్ కావాలి. ఆఫీసులో ఒక సిస్టమ్ ఆన్‌లో పెట్టుకుని రిమోట్‌గా తెరుచుకుంటాను.

ఇక ఏ ఫోన్లు అంటే, శాంసంగ్ ఎస్ సిరీస్, నోట్, ఫోల్డ్ సరే, పేరులో 'లైట్' అని ఉన్నవి తప్ప. వాళ్లదే ఏ సిరీస్, ఎం సిరీస్ అంటే ఆశ పెట్టుకోకండి. మోటరోలా ఎడ్జ్ రకాల్లో కొన్నిటికి రెడీ ఫర్ (ఇప్పుడు స్మార్ట్ కనెక్ట్) పేరుతో ఇలాంటిదే ఉంది. పిక్సెల్ 8కి 2024లో అప్‌డేట్‌తో వీడియో బయటికి రావడం మొదలైంది. ఐఫోన్ 2023లో 15తో సీ పోర్టుకు మారింది, కేబుల్ గుచ్చితే టీవీలో బొమ్మ వస్తుంది. కానీ వచ్చేది ఫోన్ తెరే, పక్కన నల్ల పట్టీలతో. సినిమాకు బాగుంటుంది, పనికి లాభం లేదు. మిగతావాటికి ఫోన్ స్పెసిఫికేషన్లలో యూఎస్‌బీ వరుస చూడండి. 3.1, 3.2 అని ఉండి, పక్కన డిస్‌ప్లేపోర్ట్ అని రాసుంటే కళ్లు మూసుకుని కొనండి. 2.0 అని ఉంటే హబ్ డబ్బులు మిగుల్చుకోండి. సీ టైప్ మానిటర్ ఉన్నవాళ్లు చార్జర్‌తో వచ్చిన కేబుల్ గుచ్చి రావట్లేదని బాధపడుతుంటారు. అందులో వీడియో మోసే తీగలే ఉండవు, వీడియోకు పనికొచ్చే కేబుల్ వేరేగా కొనాలి.

మూడు నాలుగు వందలకు మూడు తలల కేబుల్ ఒకటి అమ్ముతారు, 'అన్ని ఫోన్లకూ పనిచేయును' అని. దాని జోలికి పోకండి. కొన్ని ఏదో యాప్ వేయమంటాయి, డెవలపర్ ఆప్షన్లలోకి వెళ్లి యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయమంటాయి. అది ఆన్ చేస్తే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోనే తెరుచుకోవు. తీరా బొమ్మ వచ్చినా, ఓటీటీ యాప్ పెట్టగానే మాటలు వినపడతాయి, తెర నల్లగా ఉంటుంది. హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ లేని చవక సామానుకు సినిమా ఇవ్వరు మరి.

వైర్లెస్ గురించి కూడా ఒక ముక్క. జనం రెండు వేరు వేరు సంగతులను ఒకటే అనుకుంటారు. క్యాస్ట్ బటన్ నొక్కితే ఫోన్ వీడియో పంపదు. ఫలానా సినిమా వెయ్యి అని టీవీకి చెప్పి తప్పుకుంటుంది, టీవీ తనంతట తానే నెట్ నుంచి లాక్కుంటుంది. అందుకే ఫోన్ జేబులో పెట్టేసుకోవచ్చు, క్వాలిటీ తగ్గదు. మిర్రరింగ్ అలా కాదు, ఫోన్ తెర మీద కదిలే ప్రతి బొమ్మనూ గాల్లో పంపుతూ ఉండాలి. ఫోన్ వేడెక్కుతుంది, బాణం వెనకబడుతుంది, పైన వచ్చే వాట్సాప్ మెసేజీ ఇంటిల్లిపాదీ చదువుతారు. టైపింగు పనికి మిర్రరింగ్ వద్దు. మే నెల మన ఎండల్లో అయితే అసలు వద్దు. వైరుతో చేసేటప్పుడు కూడా ఫోన్ కవర్ తీసి ఫ్యాన్ కింద పెట్టుకుంటాను నేను.

కాబట్టి సినిమాలకు ఏ కేబులూ కొనకండి. మీది స్మార్ట్ టీవీ అయితే క్యాస్ట్ చాలు, కాకపోతే ఒక స్ట్రీమింగ్ స్టిక్ గుచ్చుకోండి. పనికేమో, మీ ఫోన్‌లో వీడియో పోర్టు లేదని తేలితే కొత్త ఫోన్ కొనాల్సిన పని లేదు. అద్దం పగిలినా టచ్ పనిచేసే పాత ఎస్ సిరీస్ ఫోన్ సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి. పగుళ్లు చూసి జనం వద్దనుకుంటారు కాబట్టి బాగా తగ్గించి ఇస్తారు, దాన్ని టీవీ కింద సీపీయూలాగా శాశ్వతంగా పడేసి ఉంచొచ్చు. మా బావ అదే చేశాడు. కొనేముందు వెనక మూత ఉబ్బిందేమో వేలితో నొక్కి చూడండి, బ్యాటరీ వాచిన ఫోన్‌ను చార్జర్‌కు తగిలించి వదిలేయడం ప్రమాదం. ఆ తర్వాత మీ హబ్‌ను షాపులోనే గుచ్చి, వాళ్ల టీవీలో బొమ్మ వచ్చాకే డబ్బులివ్వండి.