ట్రైపాడ్ మీద పెట్టినా 15×70 బైనాక్యులర్ ఎందుకు ఊగుతోంది?

ఆ ఊగుడు బైనాక్యులర్‌ది కాదండీ, పైకి లాగిన ట్రైపాడ్ మధ్య కర్రదీ, బైనాక్యులర్‌ను ట్రైపాడ్‌కు తగిలించే ప్లాస్టిక్ ఎల్-అడాప్టర్‌దీ. గురుగ్రహం చంద్రులు గీతల్లా సాగుతున్నాయి, 20×80 (20 రెట్లు పెద్దగా చూపే, 80 మి.మీ. కటకాలున్నది) కొనేదా అన్నారు. ఇప్పుడే వద్దు. దాని బరువు రెండు కిలోలు దాటుతుంది, వణుకు కూడా 20 రెట్లు కనిపిస్తుంది. ఈ స్టాండు మీద ఇంకా అధ్వానం.

1. మధ్య కర్రను పూర్తిగా కిందికి దించి బిగించండి. చాలామంది వదిలేసేది ఇదే. అది పైకి లేచిందంటే మూడు కాళ్ల మీద ఒంటికాలి స్టాండు పెట్టినట్టే. ఎత్తు చాలకపోతే కాళ్లు సాగదీయండి, పైనున్న లావు భాగాలు ముందు. అసలు నిలబడే చూడాలనేముంది? కుర్చీ వేసుకోండి.

2. లోహపు అడాప్టర్ వేయండి. బైనాక్యులర్ మధ్య ఇరుసు ముందున్న మూత విప్పితే పావు అంగుళం మర కనిపిస్తుంది. స్క్రూ చివరిదాకా దిగాలి.

3. నక్షత్రం మీద పెట్టి గొట్టాన్ని వేలితో తట్టండి. రెండు మూడు సెకన్లలో నిలకడగా ఆగితే మీ స్టాండు చాలు.

4. అప్పటికీ ఆగకపోతే మార్చాల్సింది ట్రైపాడ్‌నే. ఐదారు కిలోలు మోసే, ఫ్లూయిడ్ హెడ్ (కుదుపు లేకుండా మెత్తగా తిరిగే తల) ఉన్న వీడియో ట్రైపాడ్ చూడండి. బాల్ హెడ్ (గుండు మీద ఎటైనా తిరిగే తల) మాత్రం వద్దు, వదులు చేయగానే బైనాక్యులర్ ధబీమని ముందుకు వాలిపోతుంది.

నడినెత్తిన ఉన్నవాటిని మామూలు ట్రైపాడ్‌తో చూస్తే మెడ పట్టేస్తుంది. అవి పడమటికి వాలాక చూసుకోండి.