పాఠకుల ప్రశ్నలు: గ్యాలరీలో పాట, కోర్టులో కేసు

స్కాట్లండ్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్‌ల దగ్గర అభ్యంతరకరమైన పాటలను నేరంగా పరిగణించిన చట్టం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: ఫుట్‌బాల్ మ్యాచ్‌లో పాట పాడినవారిని జైలుకు పంపే చట్టం ఒకటి స్కాట్లండ్‌లో చేశారనీ, ఆరేళ్ళకే దాన్ని రద్దు చేశారనీ చదివాను. పాటకు జైలు ఏమిటి? అలాంటి చట్టం కావాలని అక్కడివారికి ఎందుకు తోచింది?

జవాబు: మీరు చదివింది నిజమే. ఫుట్‌బాల్ మ్యాచ్‌లలో అభ్యంతరకర ప్రవర్తనను, బెదిరింపు సందేశాలను శిక్షించే ఆ చట్టం 2012 మార్చి 1న అమలులోకి వచ్చి 2018 ఏప్రిల్ 20న అంతరించింది. గరిష్ఠ శిక్ష అయిదేళ్ళ జైలు.

పాట అనగానే మనం అనుకొనే పాటలు కావు అవి. గ్లాస్గో నగరంలోని రెండు పెద్ద క్లబ్బుల్లో రేంజర్స్ 1872లో పుట్టింది. ఐర్లండ్ నుంచి వలస వచ్చిన పేద కాథలిక్కుల ఆకలి తీర్చడానికి నిధులు కావాలని ఒక క్రైస్తవ సన్యాసి 1887లో సెల్టిక్‌ను స్థాపించాడు. కాలక్రమంలో రేంజర్స్ ప్రొటెస్టంట్ల జట్టుగా, బ్రిటిష్ రాచరికానికి విధేయులైనవారి జట్టుగా, సెల్టిక్ ఐరిష్ కాథలిక్కుల జట్టుగా ముద్రపడ్డాయి. ఐర్లండ్ రాజకీయాల్లో ఉన్న పగలన్నీ ఆ రెండు గ్యాలరీల్లోకి పాటలుగా దిగుమతి అయ్యాయి. ఒకవైపు కాథలిక్కుల నెత్తుటిలో మోకాళ్ళ లోతున నిలిచామని గర్వంగా చెప్పుకొనే పాట ఉంటే, మరోవైపు ఐర్లండ్‌లో బ్రిటిష్ పాలనపై ఆయుధాలు పట్టిన ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీని కీర్తించే పాటలు ఉన్నాయి. ఈ వైరం పాటలతో ఆగలేదు. 1995లో మ్యాచ్ చూసి ఇంటికి వెళ్తున్న పదహారేళ్ళ సెల్టిక్ అభిమానిని పట్టపగలు వీధిలో గొంతు కోసి చంపారు.

చట్టానికి తక్షణ కారణం 2011లో జరిగిన వరస ఘటనలు. ఆ మార్చి 2న సెల్టిక్ మైదానంలో జరిగిన స్కాటిష్ కప్ మ్యాచ్‌లో రేంజర్స్ ఆటగాళ్ళు ముగ్గురు ఎర్ర కార్డులతో బయటికి వెళ్ళారు, చివరకు సెల్టిక్ శిక్షకుడూ రేంజర్స్ సహాయ శిక్షకుడూ గీత పక్కనే ఒకరిపైకి ఒకరు వెళ్ళారు. ఆ రోజుల్లోనే సెల్టిక్ శిక్షకుడు నీల్ లెనన్‌కూ మరికొందరు ప్రముఖులకూ తపాలాలో బాంబు పొట్లాలు పంపే ప్రయత్నం జరిగింది. మే నెలలో ఎడిన్‌బరోలో ఆట సాగుతుండగానే ఒక ప్రేక్షకుడు మైదానంలోకి దూకి లెనన్ మీదికి వెళ్ళాడు. అప్పుడే ఎన్నికల్లో పూర్తి ఆధిక్యం సాధించిన స్కాటిష్ నేషనల్ పార్టీ ప్రభుత్వం ఏదో ఒకటి వెంటనే చేసి చూపించాలనుకుంది. జూన్‌లో అత్యవసరమంటూ బిల్లు తెచ్చి, విమర్శలు రాగానే కొద్ది నెలలు ఆపి, డిసెంబర్ 14న 64–57 ఓట్లతో నెగ్గించుకుంది. ప్రతిపక్షాలేవీ మద్దతు ఇవ్వలేదు. ఒక పార్టీ ఒంటరిగా మోసిన చట్టం ఆ పార్టీ బలం తగ్గిన రోజున ఎలా నిలుస్తుందన్న ప్రశ్న నిజానికి ఆనాడే పుట్టింది.

ప్రశ్న: ఎప్పుడూ ఒకరినొకరు తిట్టుకొనే అభిమానులు ఈ చట్టాన్ని మాత్రం ముక్తకంఠంతో వ్యతిరేకించారట. తిట్టుకొనే హక్కు కోసమే కదా ఆ ఐక్యత?

జవాబు: మీ వెటకారంలో కొంత న్యాయం ఉంది, దాని సంగతి తరవాత చెబుతాను. ముందుగా ఒక సవరణ. వారు ఒకే వేదిక మీదకు రాలేదు. ఉద్యమంలో ముందు నిలిచింది ప్రధానంగా సెల్టిక్ అభిమానులు. వారిలో గ్రీన్ బ్రిగేడ్ అనే బృందం గొంతు పెద్దది. 2011లోనే ‘ఫ్యాన్స్ అగెయిన్‌స్ట్ క్రిమినలైజేషన్’ పేరిట, అంటే మమ్మల్ని నేరస్థులను చేయవద్దంటూ, ఒక సంఘం ఏర్పడింది. రేంజర్స్ అభిమానుల్లో కూడా చట్టం నచ్చనివారు చాలామందే ఉన్నారు, కాని వారి మాట వారు విడిగా చెప్పుకున్నారు.

వారి వాదనలో అన్నిటికన్నా బలమైనది సమానత్వానికి సంబంధించింది. ఒకే పాటను ఒకే మనిషి పెళ్ళి ఊరేగింపులోనో, రాజకీయ సభలోనో పాడితే ఈ చట్టం వర్తించదు, ఫుట్‌బాల్ మ్యాచ్‌కు వెళ్తూ పాడితే వర్తిస్తుంది. రగ్బీ ప్రేక్షకుడికి లేని నేరం ఫుట్‌బాల్ ప్రేక్షకుడికి ఎందుకుండాలి? పైగా ‘మ్యాచ్‌కు వెళ్ళడం’ అన్న మాటను చట్టం ఎంత సాగదీసిందంటే, మ్యాచ్‌కు హాజరు కాకపోయినా, అసలు హాజరయ్యే ఉద్దేశమే లేకపోయినా, ఆ ప్రయాణంలో ఉన్నట్టు పరిగణించవచ్చునని రాసింది. టీవీలో మ్యాచ్ చూపించే పబ్బు కూడా దాని పరిధిలోకి వచ్చింది, సొంత ఇల్లు ఒక్కటే మినహాయింపు. ఇంత వెడల్పైన వల ఫుట్‌బాల్ కోసమే ప్రత్యేకంగా అల్లితే, అందులో ఉన్నవాడికి తనను అనుమానితుల జాబితాలో చేర్చారని అనిపించడంలో వింత లేదు.

రెండో వాదన పాత చట్టాల గురించి. ప్రజాశాంతికి భంగం కలిగించడం అక్కడ ఎప్పటినుంచో నేరమే. మతద్వేషంతో చేసిన నేరానికి అదనపు బరువు ఇచ్చే నిబంధన 2003 చట్టంలో ఉంది, బెదిరింపు ప్రవర్తనను శిక్షించే సెక్షన్ 2010లో వచ్చింది, మైదానాల్లోకి రాకుండా నిషేధించే ఉత్తర్వులు 2006 నుంచి ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దపు ఐర్లండ్ కరువును గుర్తుచేస్తూ ఐరిష్ సంతతివారిని ‘కరువు తీరింది, ఇక ఇళ్ళకు పొండి’ అని వెక్కిరించే రేంజర్స్ పాట ఒకటి జాతివివక్షతో కూడినదేనని హైకోర్టు 2009లోనే, అంటే కొత్త చట్టానికి మూడేళ్ళ ముందే, తేల్చి చెప్పింది. ఎడిన్‌బరోలో లెనన్ మీదికి దూకినవాడి కేసు కూడా చూడండి. దేశమంతా టీవీలో చూసిన ఘటనలో దాడి ఆరోపణ రుజువు కాలేదని జ్యూరీ చెప్పి, శాంతిభంగానికి మాత్రం దోషి అంది. అక్కడ కొరవడింది సెక్షను కాదు. అలాంటప్పుడు ఇంకొక సెక్షన్ రాయడం వల్ల ఒరిగేదేమిటని అభిమానులు అడిగారు. నాకు దీనికి ప్రభుత్వం సరైన జవాబు చెప్పినట్టు ఎన్నడూ అనిపించలేదు.

మూడోది అనుభవం. చేతి కెమెరాలతో గ్యాలరీ వైపు తిరిగి పోలీసులు గంటన్నరసేపు చిత్రీకరించడం, కేసు తేలేదాకా నెలల తరబడి కోర్టుల చుట్టూ తిరగడం, ఆ లోపల మైదానానికి వెళ్ళకూడదన్న బెయిలు షరతు, ఇవి కుర్రవాళ్ళను చట్టం కన్నా ఎక్కువగా మండించాయి. చివరకు నిర్దోషి అని తేలినవాడికి కూడా పోయిన ఆటలు తిరిగి రావు. 2013 మార్చిలో గ్లాస్గోలోని గ్యాలోగేట్ వీధిలో అభిమానుల ఊరేగింపును పోలీసులు చుట్టుముట్టి కదలనివ్వకపోవడంతో అప్పటిదాకా పట్టించుకోనివారు కూడా ఈ గొడవ ఏమిటని చూడడం మొదలుపెట్టారు. స్టిర్లింగ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో జరిగి 2015లో వెలువడిన అధ్యయనం సైతం, అభిమానులు తమను ప్రత్యేకంగా ఎంచి వేధిస్తున్నారని భావిస్తున్నట్టు నమోదు చేసింది.

ఇప్పుడు మీ వెటకారం సంగతి. ‘ఇది ఉత్త సరదా, తొంభై నిమిషాల ఆవేశం, ఎవరూ మనసులో పెట్టుకోరు’ అనే అభిమానుల మాట నాకు మింగుడు పడదు. ఎదుటివాడికి తగులుతుందనే ఆ పాటను ఎంచుకుంటారు. తగలని రోజున దాన్ని పాడడం మానేస్తారు. తగిలించడానికే పాడి, తగిలిందన్నవాడిని సున్నితమైనవాడని ఎగతాళి చేయడం రెండు నాలుకల వ్యవహారం. రెండు పక్షాలవారూ ‘మాది చరిత్ర, వారిది ద్వేషం’ అనే అనడం మరీ విచిత్రం. ఇంత చెప్పాక కూడా నా అభిప్రాయం అభిమానుల వైపే మొగ్గుతుంది. ఎందుకంటే పాట చెడ్డదైనంత మాత్రాన చట్టం మంచిది అయిపోదు.

ప్రశ్న: ఏ పాట అభ్యంతరకరమో ఎవరు నిర్ణయించేవారు? పాటల జాబితా ఏదైనా ఉండేదా?

జవాబు: జాబితా లేదు, ఉండి ఉంటే కొంత నయంగా ఉండేదేమో. మతం, జాతి, రంగు, లైంగికత, వైకల్యం వంటివాటి ఆధారంగా ద్వేషం వెళ్ళగక్కడం, బెదిరించడం నేరమని చట్టం మొదట చెప్పింది. అంతవరకు చాలామందికి పేచీ లేదు. ఆ వెంటనే ‘వివేకవంతుడైన మనిషి అభ్యంతరకరమని భావించే అవకాశమున్న మరే ప్రవర్తన అయినా’ అని ఒక తలుపు బార్లా తెరిచిపెట్టింది. అల్లర్లను రెచ్చగొట్టే అవకాశం కూడా ఉండాలన్న షరతు పెట్టింది కాని, రెచ్చిపోయేవారు అక్కడ లేకపోయినా పరవాలేదు, వారు ఉంటే రెచ్చిపోయేవారనుకుంటే చాలునని ఆ షరతును తానే పలచన చేసింది.

దీని ఫలితం 2012 ఆగస్టు 18న ఉత్తరాన డింగ్వాల్ అనే చిన్న ఊళ్ళో రాస్ కౌంటీ, సెల్టిక్ ఆడినప్పుడు కనిపించింది. ఐరిష్ రిపబ్లికన్ పాటలు పాడాడని ఒక సెల్టిక్ అభిమాని మీద కేసు పెట్టారు. ఆ పాటల్లో ఒకటి 1981లో జైలులో నిరాహారదీక్ష చేసి చనిపోయిన పదిమంది ఐరిష్ రిపబ్లికన్ ఖైదీల గురించింది. ఆ పాటకు రెచ్చిపోయినవారెవరూ అక్కడ కనబడలేదు. కింది కోర్టు అతణ్ణి విడిచిపెట్టింది. 2013లో హైకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చుతూ, నిజంగా ఎవరూ రెచ్చిపోనక్కరలేదని, ఊహామాత్రపు మనిషి రెచ్చిపోతాడనుకున్నా సరిపోతుందని స్పష్టం చేసింది. చట్టం మాటలను బట్టి చూస్తే ఆ తీర్పులో తప్పు పట్టలేం. తప్పు ఆ మాటల్లోనే ఉంది. అదే ఏడాది డండీలో ఒక న్యాయమూర్తి ఈ చట్టాన్ని ఘోరంగా రాశారని నిండు కోర్టులోనే అన్నారు.

ఇక్కడ రెండు రకాల పాటలను విడదీసి చూడాలి. ఫలానా మతంవాడి రక్తం గురించి పాడితే అది పక్కన కూర్చున్న మనిషి పుట్టుక మీద దాడి. చనిపోయిన ఖైదీలను తలచుకుంటే అది రాజకీయం. వారి చేతుల్లో తమవారిని పోగొట్టుకున్న కుటుంబాలకు అది ఎంత బాధాకరమైనా, ద్వేషం అన్న మాట దానికి నేరుగా అతకదు. అల్లరి గ్యాలరీలో ఈ తేడాను చూసి తేల్చవలసిన పనిని చట్టం పోలీసు అధికారికి అప్పగించింది. యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏ ఈ చిక్కును వేరేగా దాటుతుంది: మైదానంలో రాజకీయమే వద్దంటుంది. 2013 నవంబర్‌లో మిలాన్‌తో మ్యాచ్‌లో నిరాహారదీక్ష నాయకుడు బాబీ సాండ్స్‌ను, స్కాట్లండ్ వీరుడు విలియం వాలెస్‌ను పక్కపక్కన నిలిపిన బ్యానర్‌కు గాను సెల్టిక్‌కు 50 వేల యూరోల జరిమానా పడింది. అది క్లబ్బు జేబులోంచి పోయిన డబ్బు, ఎవరి పేరు మీదా నేరచరిత్ర పడలేదు. ఈ తేడా చిన్నది కాదు.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఇలాంటి చట్టం లేదా?

జవాబు: ఉంది. 1991 నాటి ఫుట్‌బాల్ నేరాల చట్టం మైదానంలో అసభ్య నినాదాలను, జాతివివక్ష నినాదాలను నేరం చేసింది. పరిధి ఇరుకు కావడం వల్ల దాని మీద ఇంత రచ్చ జరగలేదు. 1989లో హిల్స్‌బరో మైదానం తొక్కిసలాటలో చనిపోయిన 97 మందిని, 1958లో మాంచెస్టర్ యునైటెడ్ జట్టు ప్రయాణిస్తున్న విమానం మ్యూనిక్‌లో ప్రమాదానికి గురైనప్పుడు చనిపోయినవారిని ఎగతాళి చేసే నినాదాలపై ఇటీవల అక్కడ కేసులు నడుస్తున్నాయి. వాటి విషయంలో అభిమానుల్లోనే చాలామంది పోలీసుల పక్షాన ఉన్నారు.

ప్రశ్న: చట్టం పోయాక పాటలకు అడ్డు లేకుండా పోయిందా? గెలిచామని అభిమానులు సంబరపడ్డారా?

జవాబు: సంబరపడ్డారు. 2016 ఎన్నికల్లో ప్రభుత్వ పార్టీ ఆధిక్యం కోల్పోయాక, అదే నవంబర్‌లో రద్దు కోరుతూ చేసిన తీర్మానం 64–63తో నెగ్గింది. తరవాత లేబర్ సభ్యుడు జేమ్స్ కెలీ తెచ్చిన రద్దు బిల్లు 2018 మార్చి 15న 62–60తో గట్టెక్కింది. రద్దు చేస్తే ద్వేషానికి పచ్చజెండా ఊపినట్టవుతుందని ప్రభుత్వం చివరిదాకా హెచ్చరించింది.

పాటలు ఆగలేదు, అయితే అవి చట్టం ఉన్నప్పుడూ ఆగలేదు. చట్టం ఉన్న కాలంలో కొన్నేళ్ళు ప్రశాంతంగా కనిపించడానికి మరో కారణం ఉంది. 2012లో రేంజర్స్ ఆర్థికంగా కుప్పకూలి అట్టడుగు డివిజన్ నుంచి మళ్ళీ మొదలుపెట్టడంతో, ఆ ఏప్రిల్ తరవాత 2015 ఫిబ్రవరి దాకా ఈ రెండు జట్లూ తలపడనే లేదు. ఏ మ్యాచ్ కోసం చట్టం రాశారో ఆ మ్యాచే లేకుండా పోయింది.

రద్దు తరవాత దెబ్బ వేరే దిక్కు నుంచి తగిలింది. 2019లో మతవిద్వేష పాటలు పాడినందుకు రేంజర్స్ మైదానంలో కనీసం 3,000 సీట్లు ఒక మ్యాచ్‌కు మూసివేయాలని యూఈఎఫ్ఏ ఆదేశించింది. నోరు తెరవనివాడి సీటు కూడా అందులో పోతుంది కాబట్టి ఇది మరొక అన్యాయమనవచ్చు. కాని పక్కవాడి పాట తన సీటుకు ఎసరు పెడుతుందని తెలిసినప్పుడు పాట మధ్యలోనే పక్కవాడి భుజం తట్టేవారు పుట్టుకొస్తారు, పోలీసు కెమెరా అలాంటివారిని పుట్టించలేకపోయింది.

ఇక 2021లో చేసిన విద్వేష నేరాల చట్టం 2024 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. అది ఫుట్‌బాల్‌కూ, రగ్బీకీ, రాజకీయ సభకూ ఒకేలా వర్తిస్తుంది. అభ్యంతరకరం అన్నంత మాత్రాన అందులో నేరం కాదు. మతం విషయంలో బెదిరించడమో దూషించడమో జరగాలి, ద్వేషాన్ని రగిలించే ఉద్దేశం కూడా ఉండాలి. అభిమానులు ఆనాడు అడిగిన సమానత్వం ఆ విధంగా కాగితం మీద దొరికింది. సరిగ్గా ఆరు రోజుల తరవాత, ఏప్రిల్ 7న, రేంజర్స్ మైదానంలో సెల్టిక్‌తో మ్యాచ్ 3–3తో ముగిసింది. టికెట్ల కేటాయింపుపై రెండు క్లబ్బుల మధ్య నడుస్తున్న పేచీ వల్ల ఆ రోజు గ్యాలరీలో సెల్టిక్ అభిమానులకు చోటే లేదు. పాడినవారు పాడారు, వినవలసినవారు ఇళ్ళలో టీవీల ముందున్నారు.