అండర్-17 వరల్డ్ కప్ ఆడాలంటే పుట్టిన తేదీ మార్చాలా?

ప్రశ్న: మాది వరంగల్. మా బాబు 2012 నవంబరులో పుట్టాడు, ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఫుట్‌బాల్ బాగా ఆడతాడు, కిందటేడు జిల్లా స్కూల్ జట్టుకు ఎంపికయ్యాడు. ఖతర్‌లో జరిగిన అండర్-17 వరల్డ్ కప్ చూసినప్పటి నుంచి ఇండియాకు ఆడతానంటున్నాడు. ఒక కోచ్ బర్త్ సర్టిఫికెట్‌లో రెండేళ్లు తగ్గిద్దామని, స్కూల్ మాన్పించి ఏడాదికి నాలుగు లక్షల అకాడమీలో చేర్పిద్దామని అంటున్నారు. వాళ్ల నాన్న ఐఐటీ ఫౌండేషన్‌లో వేద్దామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ సర్టిఫికెట్ సంగతి తేల్చేద్దాం. వద్దు. దీని మీద ఇంట్లో చర్చ కూడా పెట్టకండి.

అండర్-17 వరల్డ్ కప్ ఒకప్పుడు రెండేళ్లకోసారి జరిగేది. 2025 నుంచి 2029 వరకు ప్రతి ఏడాదీ ఖతర్‌లోనే, 48 జట్లతో జరుగుతుంది. 2025 టోర్నీకి 2008 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లే అర్హులు. ఆ లెక్కన మీ బాబు సంవత్సరం 2029. అసలు తేదీతోనే వాడికి మూడేళ్ల పైచిలుకు టైముంది. రెండేళ్లు తగ్గించి వాడికి కొత్తగా ఇచ్చేదేమిటి?

ఇక దొరికిపోవడం సంగతి. 2009లో నైజీరియాలో జరిగిన అండర్-17 వరల్డ్ కప్ నుంచి ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఆటగాళ్ల మణికట్టుకు ఎంఆర్‌ఐ తీస్తోంది. ఎముక చివర పెరిగే భాగం పూర్తిగా అతుక్కుపోయి ఉంటే ఆ కుర్రాడిని ఆడనివ్వరు. ఆ ఏడాది ఆతిథ్య జట్టు నైజీరియాలోనే చాలామంది ఈ పరీక్ష దాటలేక టోర్నీకి ముందే బయటికి వెళ్లారు. మన దేశంలోనూ వయసు విభాగాల పోటీల్లో ఎముక వయసు పరీక్షలు చేస్తున్నారు. క్లబ్బులో చేరగానే ఆటగాడి పుట్టిన తేదీ మన జాతీయ ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌లోకి ఎక్కుతుంది. అదే తేదీ టెన్త్ మెమోలో, పాస్‌పోర్టులో, రేపు ఉద్యోగం దరఖాస్తులో ఉండాలి. ఒక్కచోట తేడా వచ్చినా సంజాయిషీ చెప్పుకోవలసింది కోచ్ కాదు, మీ అబ్బాయి.

ఆ కోచ్ సలహా వెనక ఇంకో కారణం ఉండొచ్చు. బాబు తోటివాళ్ల కంటే చిన్నగా కనిపిస్తున్నాడేమో. నవంబరులో పుట్టినవాడు జనవరిలో పుట్టినవాడితో పది నెలల తేడాతో పోటీ పడుతున్నాడు. పదమూడేళ్ల వయసులో పది నెలలంటే ఎత్తులో, బలంలో చాలా తేడా. ఏ దేశంలో చూసినా ఈ వయసు జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టిన పిల్లలే ఎక్కువ కనిపిస్తారు. కాబట్టి ఇప్పుడు సెలక్షన్ పోతే ఆట రానట్టు కాదు. వాడికి ఈ మాట మీరే కూర్చోబెట్టి చెప్పండి. చాలామంది పిల్లలు సరిగ్గా ఈ వయసులోనే మనసు విరిగి ఆట మానేస్తారు.

వరల్డ్ కప్ ఆడితే జీవితం సెటిలైనట్టేనా అంటే, 2017లో మన దేశంలో జరిగిన టోర్నీనే చూడండి. ఫైనల్ కోల్‌కతాలో జరిగింది, ఇంగ్లండ్ 5-2తో స్పెయిన్‌ను ఓడించింది. ఉత్తమ ఆటగాడు ఫిల్ ఫోడెన్ తర్వాత పెద్ద స్టార్ అయ్యాడు. అదే జట్టులో ఎనిమిది గోల్స్‌తో టాప్ స్కోరర్‌కిచ్చే గోల్డెన్ బూట్ అందుకున్న రియాన్ బ్రూస్టర్ కొన్ని నెలలకే గాయపడి ఏడాదికి పైగా ఆటకు దూరమయ్యాడు, ఇంగ్లండ్ సీనియర్ జట్టులోకి రాలేకపోయాడు. మన జట్టుకు ఆతిథ్య దేశంగా నేరుగా చోటు దొరికింది. మూడు మ్యాచ్‌లూ ఓడినా, కొలంబియా మీద జీక్సన్ సింగ్ కొట్టిన గోల్ ఫిఫా వరల్డ్ కప్‌లలో ఇండియాకు మొదటిది. ఆ 21 మందిలో ఎనిమిది మంది మణిపూర్ పిల్లలు, మన రెండు రాష్ట్రాల నుంచి ఒక్కరూ లేరు. నాకు ఇది ఇప్పటికీ బాధగానే ఉంటుంది. 1974లో బ్యాంకాక్‌లో ఇరాన్‌తో కలిసి ఆసియా యూత్ టైటిల్ పంచుకున్న మన జట్టుకు కెప్టెన్ హైదరాబాద్ వాడైన షబ్బీర్ అలీ మరి! 2017 జట్టులోని అన్వర్ అలీకి తర్వాత గుండె సమస్య బయటపడింది. కొంతకాలం ఆటే ఆపాల్సి వచ్చింది. పోరాడి తిరిగొచ్చి సీనియర్ జట్టుకు ఆడాడు. అందరికీ అలా తిరిగొచ్చే వీలుండదు. పైగా 2025లో మన దేశపు పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ సీజనే సమయానికి మొదలు కాలేదు, ఆటగాళ్లు నెలల తరబడి టెన్షన్ పడ్డారు.

అందుకే స్కూల్ మాన్పించొద్దంటున్నాను. టెన్త్ రెగ్యులర్‌గా పూర్తి చేయనివ్వండి. అప్పటికి క్యాంపులు, టోర్నీలు ఎక్కువైతే ఇంటర్ ఓపెన్ స్కూల్లో చదివించొచ్చు. ఫౌండేషన్ కోర్సు మాత్రం ఇప్పుడు వద్దని వాళ్ల నాన్నగారికి నా మాటగా చెప్పండి. సాయంత్రాలన్నీ ఆ క్లాసులకే పోతే ప్రాక్టీసు ఎప్పుడు చేస్తాడు? లెక్కలు, సైన్సు స్కూల్లో గట్టిగా చదివితే ఇంటర్లో ఏ గ్రూపైనా తీసుకోవచ్చు.

నాలుగు లక్షల అకాడమీకి తొందరపడకండి. జంషెడ్‌పూర్‌లోని టాటా అకాడమీ, నవీ ముంబైలోని రిలయన్స్ ఫౌండేషన్ యంగ్ చాంప్స్ లాంటివి ట్రయల్స్ పెట్టి ఎంపిక చేసుకుంటాయి, ఎంపికైన పిల్లల బాగోగులు అవే చూసుకుంటాయి. ప్రకటన రాగానే వాటికి వెళ్లండి. డబ్బు కట్టే అకాడమీయే అనుకుంటే, దానికి ఫెడరేషన్ గుర్తింపు ఉందా, దాని జట్టు జాతీయ యూత్ లీగ్ ఆడుతోందా, కోచ్‌కు ఏ లైసెన్స్ ఉంది అని అడగండి. లీగ్ మ్యాచ్‌లు ఆడించని చోట హాస్టల్ ఎంత బాగున్నా దండగ. సెలక్షన్ ఇప్పిస్తామని డబ్బులడిగేవాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. స్కూల్ జట్టు సుబ్రతో కప్ రాష్ట్ర పోటీలకు వెళ్లే అవకాశం ఉంటే పీఈటీ సారుతో మాట్లాడండి. ఆ పోటీ స్కూళ్ల మధ్య జరుగుతుంది, ఖర్చు తక్కువ.

కోచ్‌కు "వద్దు" అని మీరో వాళ్ల నాన్నగారో వెళ్లి చెప్పండి, బాబు చేత చెప్పించకండి. ఆ తర్వాత ఆయన వాడిని బెంచి మీద కూర్చోబెడితే వేరే కోచ్‌ను వెతకండి.