ఇల్లు ఫ్రిస్కోలో, బడి పక్క డిస్ట్రిక్ట్‌లో

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఇద్దరం హెచ్1బీ మీద ఉద్యోగాలు చేస్తున్నాం. పాపని ఫ్రిస్కో ఐఎస్‌డీ (ప్రభుత్వ బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్) బడిలో చేర్చాలన్న ఒక్క ఆశతో, ఇండియాలో స్థలం అమ్మి 20 నెలల కిందట ఇక్కడ ఇల్లు కొన్నాం. ఏజెంట్ మన తెలుగువాడే. ‘ఈ ఇల్లు ఫ్రిస్కో ఐఎస్‌డీనే అన్నా, టెన్షన్ పడకండి’ అన్నాడు. వచ్చే ఆగస్టులో పాప కిండర్‌గార్టెన్‌కి వెళ్లాలి. తీరా అడిగితే మా ఇల్లు పక్క డిస్ట్రిక్ట్‌లోకి వస్తుందన్నారు. మా ఆవిడ రోజూ ఏడుస్తోంది. మేం తన ఇంట్లోనే ఉంటున్నట్టు నోటరీ కాగితం, కరెంటు బిల్లు ఇస్తానని ఒక స్నేహితుడు అంటున్నాడు. అలా చేర్చవచ్చా? ఏజెంట్ మీద కేసు వేయవచ్చా?

జవాబు: స్థలం అమ్మిన సంగతి రాశారు, కన్నీళ్ల సంగతి రాశారు. ఏజెంట్ ఆ మాట ఎదురుగా అన్నాడా, వాట్సాప్‌లో రాశాడా అన్నది మాత్రం రాయలేదు. మీ కేసు నిలిచేదీ పోయేదీ దాని మీదే.

ముందు ఒక చీవాటు. ఫ్రిస్కో ఊరు వేరు, ఫ్రిస్కో ఐఎస్‌డీ వేరు. ఊళ్లో కొన్ని భాగాలు లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్, ప్రాస్పర్ ఐఎస్‌డీల కింద ఉన్నాయి. అదే సమయంలో ప్లేనో, మెకిన్నీలలోని కొన్ని ఇళ్లు ఫ్రిస్కో ఐఎస్‌డీలోకి వస్తాయి. తూర్పు ముఖమా కాదా అని చూసుకునే ఉంటారు, గృహప్రవేశానికి ముహూర్తమూ పెట్టించే ఉంటారు. స్కూల్ టాక్స్ ఎవరికి కడుతున్నారో చూసుకోలేదు! ఏటా వచ్చే ప్రాపర్టీ టాక్స్ బిల్లులో డిస్ట్రిక్ట్ పేరు స్పష్టంగా ఉంటుంది. ఈ 20 నెలల్లో కనీసం ఒక బిల్లయినా మీ చేతికి వచ్చి ఉండాలి. అవతలి లాయరు మొదట బయటికి తీసే కాగితం అదే.

ఇక గడువు. టెక్సాస్ వినియోగదారుల చట్టం, ఇక్కడ అందరూ డీటీపీఏ అనేది, రెండేళ్లలోపు దావా వేయమంటుంది. మోసం ఆలస్యంగా బయటపడితే, బయటపడిన రోజు నుంచి లెక్క. కానీ కోర్టు అడిగేది మీకు ఎప్పుడు తెలిసిందని మాత్రమే కాదు, తగిన జాగ్రత్త తీసుకుని ఉంటే ఎప్పుడు తెలిసేదని కూడా. కాబట్టి నిన్న తెలిసిందని ధీమాగా ఉండకండి. ఏజెంట్ ఆ మాట అన్న రోజు నుంచే లెక్క వేసుకోండి. అది క్లోజింగ్‌కి, అంటే ఇల్లు మీ పేరు మీదికి మారిన రోజుకి, రెండు నెలల ముందు అయి ఉంటే మీకు మిగిలింది రెండు నెలలే. దావాకి 60 రోజుల ముందు రాతపూర్వక నోటీసు కూడా ఇవ్వాలి. నోటీసుకి కూడా వ్యవధి లేనంత దగ్గరికి వస్తే నేరుగా దావా వేసే వీలుంది గానీ, అంతదాకా ఆగకండి. ఫ్రాడ్ కింద నాలుగేళ్లు ఉంటుందని ఎవరైనా చెబుతారు. అక్కడ అతనికి అబద్ధమని తెలిసే చెప్పాడని, లేదా నిజానిజాలు పట్టించుకోకుండా చెప్పాడని రుజువు చేయాలి. అది తేలిక కాదు.

లైసెన్సు ఉన్న ఏజెంట్లకు డీటీపీఏలో చాలావరకు మినహాయింపు ఉంది. ‘ఇక్కడ బడులు బాగుంటాయి’ అంటే అభిప్రాయం, దాని మీద దావా నిలవదు. ‘ఈ ఇల్లు ఫ్రిస్కో ఐఎస్‌డీలో ఉంది’ అంటే వాస్తవం గురించి చెప్పిన మాట. అది తప్పయితే మినహాయింపు అతన్ని కాపాడదు. అందుకే పాత మెసేజీలు, ఈమెయిళ్లు, ఇంటి ప్రకటన, అన్నీ ఈ రోజే భద్రపరచండి. ఫోన్ మార్చి ఉంటే బ్యాకప్ వెతకండి. ఒక్క రాత ముక్క కూడా లేకపోతే, బడి వివరాలు కొనేవారే సరిచూసుకోవాలన్న షరతు మీ కాగితాల్లో ఉంటే, ఫీజు పెట్టి కేసు వేయమని నేను చెప్పను.

స్నేహితుడి కాగితం జోలికి మాత్రం అసలు పోకండి. బడిలో చేర్చడానికి తప్పుడు నివాసం చూపడం టెక్సాస్‌లో నేరం. జరిమానా 500 డాలర్ల లోపే కదా అని చులకన చేయకండి. పాప అక్కడ చదివిన కాలానికి ఖర్చు మీ దగ్గర వసూలు చేసే హక్కు ఎడ్యుకేషన్ కోడ్ 25.001 డిస్ట్రిక్ట్‌కి ఇచ్చింది. ప్రమాణం చేసి అబద్ధం రాసినందుకు మీ స్నేహితుడు వేరే కేసులో ఇరుక్కుంటాడు. మీ ఇంటి మీద హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతంగా నివసించే ఇంటికి పన్నులో ఇచ్చే తగ్గింపు) తీసుకుని ఉంటే, మీరు నివసించే ఇల్లు అదేనని ప్రభుత్వానికి ఇప్పటికే రాసిచ్చినట్టు. ఆ కాగితం, ఈ కాగితం పక్కపక్కన పెడితే చాలు. పైగా రేపు గ్రీన్ కార్డు ఫారం ఐ-485లో, అరెస్టు కాకపోయినా ఎప్పుడైనా నేరం చేశారా అని అడుగుతారు. ఏమని రాస్తారు?

చేయదగ్గవి ఉన్నాయి. ఫ్రిస్కో ఐఎస్‌డీకి ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు చేసుకునే వీలుందో, గడువు ఎప్పుడో ఈ వారమే అడగండి. దొరికినా అది ఏడాదికోసారి తేలే వ్యవహారం. దొరక్కపోతే మీ డిస్ట్రిక్ట్ బడిని ఒకసారి వెళ్లి చూడండి. చూడకుండానే ఏడుపెందుకు? టెక్సాస్‌లో కిండర్‌గార్టెన్ తప్పనిసరి కాదు, బడికి పంపి తీరాల్సిన వయసు ఆరేళ్లు. ఒక ఏడాది ప్రైవేటులో చదివిస్తే చట్టానికి అభ్యంతరం లేదు.

లేదంటే ఆ పరిధిలో ఇల్లు అద్దెకు తీసుకుని నిజంగానే అక్కడికి మారండి. ఈ ఇల్లు అద్దెకిచ్చి, హోమ్‌స్టెడ్ రద్దు చేయించండి. అయితే లీజు మీద సంతకం పెట్టకముందే, ఆ డోర్ నంబరు ఏ బడి కిందికి వస్తుందో డిస్ట్రిక్ట్ ఆఫీసునే ఈమెయిల్‌లో అడగండి. జవాబు వచ్చేదాకా డిపాజిట్ కట్టకండి.