ముందు ఏ వైపో చూసుకో

బ్రాడీపేట, గుంటూరు

అమ్మాయీ, ఆశీస్సులు.

కప్ప చర్మం మీద పెప్టైడ్‌ల (చిన్న ప్రోటీన్ ముక్కల) ప్రయోగం మొదలుపెడుతున్నావని చదివి సంతోషించాను. మా రోజుల్లో వానలు పడితే పొలం గట్ల మీద కప్పలు పట్టి తెచ్చేవారు. అది ఇప్పుడు కుదరదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది, ఎథిక్స్ కమిటీ ఉంది. అనుమతి కాగితం చేతికి వచ్చాకే కప్పను ముట్టుకో.

చర్మాన్ని రెండు గదుల మధ్య బిగించి, రెండు వైపులా ఒకే రింగర్ ద్రావణం (ఒంట్లోని ద్రవాన్ని పోలిన ఉప్పునీరు) పోసి, వోల్టేజిని సున్నా దగ్గర నిలబెడతావు కదా. అప్పుడు పారే కరెంటు, లోపలికి వెళ్ళే నికర సోడియంతో సరిపోతుందని ఉస్సింగ్, జెరాన్ అనే శాస్త్రవేత్తలు 1951లో చూపించారు. మన పనంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెబుతాను. కప్ప సొంత పెప్టైడ్ హార్మోను వాసోటోసిన్‌ను బయటి వైపు గదిలో పోసి, కరెంటు పెరగలేదని రోజంతా మందును తిట్టుకున్నాను. దాన్ని పట్టుకునే గ్రాహకాలు రక్తం వైపున, అంటే చర్మం లోపలి వైపున ఉంటాయి. తాళం లోపలి వైపు, తెరుచుకునే సోడియం తలుపులు బయటి వైపు! అందుకే గదుల మీద ముందే పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకో. చివర్లో ఎమిలోరైడ్ అనే మందు మాత్రం బయటి వైపే పోయాలి. అది ఆ తలుపులనే మూసేస్తుంది. పెరిగిన కరెంటు పడిపోతే అది సోడియందే. పడిపోకుండా ఎంతో కొంత మిగిలితే వేరే అయాన్‌ను అనుమానించు.

మందు పోయడానికి తొందరపడకు. బిగించగానే కరెంటు ఊగుతుంది, గీత నిలకడగా సాగేదాకా ఆగు. ఒకే పొట్ట చర్మాన్ని రెండు ముక్కలు చేసి, ఒకదానికి ఉత్త ద్రావణమే పొయ్యి. రోహిణి కార్తెలో మన ఊళ్ళో గది వేడికే కరెంటు మారిపోతుంది, ఉష్ణోగ్రత రాయని పుట నాకు చూపించకు.

1987లో ఆఫ్రికా కప్ప చర్మంలో దొరికిన మాగైనిన్ లాంటి పెప్టైడ్‌లతో మరింత జాగ్రత్త. అవి కణాల పొరలకు రంధ్రాలు పెట్టే రకం. కరెంటుతో పాటు చర్మం విద్యుత్ నిరోధం కూడా కొలువు. నిరోధం కుప్పకూలితే, నువ్వు చూస్తున్నది రవాణా కాకపోవచ్చు, చిరుగు కావచ్చు.

మొదటి చార్టులు రాగానే ఇంటికి తీసుకురా. ముంజలు తెప్పిస్తాను.

నీ మాస్టారు