ఉప్పు పూల్ మంచిదేనా అంటే, ముందు మీ ఇంటి నీళ్ళు ఎటు పోతాయో చూడండి

అడిగిన ప్రశ్న ఇది: చెన్నైలో సొంతింట్లో చిన్న స్విమ్మింగ్ పూల్ కట్టిస్తున్నారు. డీలర్ సాల్ట్ క్లోరినేటర్ పెట్టించుకోమంటున్నాడు. క్లోరిన్ ఉండదట, పిల్లల కళ్ళు మండవట, మెయింటెనెన్స్ అసలే లేదట. ఇందులో నిజమెంత, పెట్టించవచ్చా?

పెట్టించండి. చెన్నైలోనే సముద్రం పక్కన, ఇంజంబాక్కంలో మా ఇంట్లో అదే ఉంది, తీసేయమని ఎవరన్నా అంటే ఒప్పుకోను. కానీ మీ డీలర్ చెప్పిన మూడు మాటల్లో ఒకటి అబద్ధం, ఒకటి సగం నిజం, మూడోది వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ముందు నా అర్హత చెప్పుకుంటా. ఆ మెషిన్ కొన్నది మా ఆయన, చూసుకునేది నేను. ప్రతి ఇంట్లోనూ ఇంతే కదా, అక్వేరియం అయినా కుక్కపిల్ల అయినా, ముచ్చటపడి తెచ్చేది ఒకరు, కడిగేది ఇంకొకరు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను కాబట్టి నాకు అప్పగించామంటారు. అది వాళ్ళ సౌకర్యం.

క్లోరిన్ ఉండదన్నది పచ్చి అబద్ధం. ఆ మెషిన్ పనే క్లోరిన్ తయారు చేయడం. ఉప్పు కరిగిన నీళ్ళు సెల్ అనే డబ్బాలో టైటానియం రేకుల మధ్య నుంచి పోతుంటే కరెంటు పెడతారు, ఉప్పులోని క్లోరైడ్ క్లోరిన్‌గా మారి అక్కడికక్కడే నీళ్ళలో కలుస్తుంది. క్రిములను చంపి, ఎండకు విరిగి, అది మళ్ళీ క్లోరైడ్ అవుతుంది, మళ్ళీ సెల్‌లోకి వస్తుంది. డబ్బాలు మోసుకొచ్చి పోసే పని తప్పుతుంది, అంతే. మీరు ఈదేది క్లోరిన్ నీళ్ళలోనే. లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు ఉండాల్సిందే, లేకపోతే నాలుగు రోజుల్లో పాచి పడుతుంది.

కళ్ళు మండవన్నది సగం నిజం. కళ్ళు మండించేది, ముక్కు పగలగొట్టే ఆ వాసన తెచ్చేది చాలామటుకు మంచి క్లోరిన్ కాదు. చెమట, మూత్రం, నూనెలతో కలిసి మురిగిన క్లోరిన్. మెషిన్ రోజూ కొంచెం కొంచెంగా చేస్తూ ఉంటుంది కాబట్టి అది పేరుకోవడం తగ్గుతుంది. ఉప్పు కూడా పెద్దగా తెలియదు. సముద్రంలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటే, పూల్‌లో మూడున్నర గ్రాములు. మన కన్నీళ్ళలో దాదాపు 9 గ్రాములు. అందుకని నీళ్ళు మెత్తగా ఉంటాయి, ఆ మాట ఒప్పుకుంటా. కానీ మా బంధువుల పిల్లలు తలకు కొబ్బరినూనె దట్టించుకుని, స్నానం చెయ్యకుండా దూకితే ఏ మెషినూ ఏమీ చెయ్యలేదు. పూల్ పక్కన షవర్ పెట్టించింది అందుకే. ఒక్కరూ వాడరు. "ఎలాగూ నీళ్ళలోకే దిగుతున్నాం కదా" అంటారు. సంక్రాంతికి వచ్చి వెళ్ళిన తర్వాత ఫిల్టర్ చూస్తే ఏడుపొస్తుంది.

ఇక మెయింటెనెన్స్ లేదన్న మాట. దీని గురించి ఒక సంగతి చెబుతా.

నవంబర్‌లో వానలు పట్టుకున్నప్పుడు మెషిన్ మీద ఎర్ర లైటు వెలిగింది, ఉప్పు తక్కువ అని. కంపెనీకి ఫోన్ చేస్తే సర్వీసు కుర్రాడిని పంపించారు. గుమ్మిడిపూండి అబ్బాయి, మన తెలుగే. ఆటోలో రెండు యాభై కిలోల ఉప్పు బస్తాలు వేసుకునే వచ్చాడు. లైటు చూడను కూడా చూడలేదు, బస్తాలు పూల్ గట్టు మీదికి లాగి, కుట్టు విప్పడం మొదలుపెట్టాడు.

"ఆగు నాయనా, టెస్ట్ చెయ్యకుండానే పోసేస్తావా?" అన్నాను.

"లైటే చెప్తా ఉంది కదక్కా. వానకి ఉప్పంతా పల్చబడిపోయింటాది. పోసేస్తే సరిపోతాది."

వంటింట్లో ఆర్వో నీళ్ళు చూసుకోవడానికి కొన్న టీడీఎస్ పెన్ తెచ్చి ముంచాను. లీటరుకు 4,300 మిల్లీగ్రాములు చూపించింది. మా బోరు నీళ్ళే 900 ఉంటాయి. తీసేస్తే 3,400 దగ్గర ఉప్పు ఉన్నట్టే, అంటే ఉండాల్సిన మూడున్నర గ్రాములకి దగ్గరే. ఈ పెన్ అంత కచ్చితం కాదు, నీళ్ళలో కరిగినవన్నీ కలిపి చూపిస్తుంది, కానీ వంద కిలోల తేడా పసిగట్టడానికి చాలు. మా పూల్ 40,000 లీటర్లు. ఆ రెండు బస్తాలు పోస్తే ఇంకో 2,500 పెరిగి 5,900 అవుతుంది, అప్పుడు ఉప్పు ఎక్కువైందని మెషిన్ ఆగిపోతుంది. ఎక్కువైన ఉప్పు తగ్గించాలంటే ఒకటే దారి, నీళ్ళు తోడి పారబోసి కొత్తవి పట్టడం. పదహారు వేల లీటర్లు. ట్యాంకరు ఒకటి పిలిచినా చాలదు.

ఇదంతా లెక్కేసి చెబితే ఆ అబ్బాయి నన్ను జాలిగా చూశాడు. "మరి లైటు ఎందుకక్కా వెలగతాది?"

"సెల్ విప్పు, చూద్దాం."

మోటార్ ఆపి, వాల్వులు మూసి, సెల్ ఊడదీశాం. రేకుల మధ్య సందులన్నీ తెల్లగా పూడిపోయి ఉన్నాయి, బకెట్లో పెట్టే హీటర్ రాడ్‌కి పట్టే సున్నంలాగే. ఒకచోట వేలిగోరు కూడా దూరలేదు. మా బోరులో కాల్షియం ఎక్కువ, నీళ్ళ పీహెచ్ పెరిగితే, అంటే క్షారగుణం ఎక్కువైతే, అదంతా వచ్చి ఆ రేకుల మీదే కూర్చుంటుంది. కరెంటు సరిగ్గా పారకపోతే మెషిన్ దాన్ని ఉప్పు తక్కువగా లెక్కేసుకుంటుంది. నీళ్ళు చల్లబడ్డా, సెల్ పాతబడ్డా అదే లైటు వెలుగుతుంది. డబ్బాతో వచ్చిన పుస్తకంలో ఇదంతా రాసే ఉంటుంది, చదివేవాళ్ళు లేరు.

అబ్బాయి జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు, గీకడానికి. చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ రేకుల మీద రుథీనియం పూత ఉంటుంది, మీరు డబ్బులు పెట్టేది దానికే. గీకితే సున్నంతో పాటు అదీ పోతుంది. ప్లాస్టిక్ బకెట్లో నాలుగు వంతుల నీళ్ళు పోసి, ఒక వంతు హైడ్రోక్లోరిక్ యాసిడ్ నెమ్మదిగా అందులో కలపాలి. నీళ్ళలోకి యాసిడ్, యాసిడ్‌లోకి నీళ్ళు కాదు. గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి, గాలికి ఎదురుగా నిలబడొద్దు. సెల్ అందులో దించగానే బుసబుసమని నురుగు పొంగింది. పది నిమిషాల్లో నురుగు ఆగింది. తీసి కడిగితే రేకులు బూడిద నలుపులో నిగనిగలాడాయి. బిగించి ఆన్ చేశాం. పచ్చ లైటు.

"మాకు ఇది చెప్పలేదక్కా, లైటు వెలిగితే రెండు బస్తాలు పొయ్యమన్నారు అంతే," అన్నాడు. కుర్రాడి తప్పేం లేదు. ఉప్పు అమ్మేదీ వాళ్ళే కదా.

ఆ సున్నం పట్టడానికి అసలు కారణం పీహెచ్. సెల్‌లో క్లోరిన్‌తో పాటు హైడ్రోజన్ బుడగలు వస్తాయి, అవి నీళ్ళలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని తోసేస్తాయి, పీహెచ్ పైకి ఎక్కుతుంది. కాబట్టి ఉప్పు పూల్ ఉన్నవాళ్ళు వారానికోసారన్నా యాసిడ్ పొయ్యాల్సిందే. ఇది ఏ డీలరూ చెప్పడు. పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య ఉంచుకోండి. 8 దాటిందంటే క్లోరిన్‌లో పావు వంతు కూడా సరిగ్గా పని చెయ్యదు, మెషిన్ ఎంత చేసినా నీళ్ళు మసకగానే ఉంటాయి. ఇక మన ఎండకి స్టెబిలైజర్, అంటే సైన్యూరిక్ యాసిడ్, లేకపోతే పగలు చేసిన క్లోరిన్ సాయంత్రానికి మిగలదు. సెల్ కూడా పెద్దదే తీసుకోండి. 40,000 లీటర్లకు 1 పీపీఎం, అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున, 40 గ్రాములు. మే నెలలో రోజుకి 3 పీపీఎం దాకా హరించుకుపోతుంది, అంటే 120 గ్రాములు. గంటకి 20 గ్రాముల సెల్ అయితే ఆరు గంటలు నడపాలి, 10 గ్రాములది అయితే పన్నెండు. సెల్ ఆయుష్షు దాదాపు 10,000 గంటలు. చిన్న సెల్ కొంటే ఎవరికి లాభమో మీరే లెక్కేసుకోండి.

ఇవన్నీ సర్దుకోవచ్చు. నాకు అసలు కోపం తెప్పించింది వేరే, మీకు ఈ జవాబు రాస్తున్నది కూడా దాని కోసమే.

క్లోరిన్ విరిగిపోతుంది. ఉప్పు ఎక్కడికీ పోదు. నీళ్ళు ఆవిరైనా ఉప్పు పూల్‌లోనే ఉంటుంది. పూల్‌లోంచి బయటికి వచ్చే ప్రతి చుక్కతోనూ మాత్రం వస్తుంది. మరి ఆ చుక్క ఎక్కడ పడుతోంది? మాకు ఫిట్టింగ్ చేసినవాళ్ళు ఫిల్టర్ బ్యాక్‌వాష్ పైపుని, అంటే ఇసుక ఫిల్టర్‌లోకి నీళ్ళు వెనక్కి తిప్పి కడిగిన మురికినీళ్ళు పోయే పైపుని, దగ్గరగా ఉందని వాననీటి ఇంకుడు గుంతలోకి కలిపారు. వాన నీళ్ళు పట్టి భూమిలోకి పంపమని తమిళనాడులో 2003లోనే ప్రతి ఇంటికీ చట్టం చేశారు కదా, ఆ గుంత. ఒక్కో బ్యాక్‌వాష్‌కి ఐదారు వందల లీటర్లు పోతాయి, అందులో రెండు కిలోల ఉప్పు. వారానికోసారి చేస్తే ఏడాదికి రెండు బస్తాలు, తిన్నగా మా బోరు నెత్తిన.

కనిపెట్టింది మా అత్తయ్య. గుంత పక్కనే ఆవిడ మల్లెపొద ఉంది, నెల్లూరు నుంచి తెచ్చుకున్న అంటు. ఆకుల అంచులు మాడిపోతుంటే "అమ్మాయ్, నీళ్ళెక్కువై కాదు, ఏదో కారుతోంది ఇక్కడ" అని మట్టి తీసి నాలుక మీద పెట్టుకుంది. నేను వద్దనేలోపే "ఉప్పగా ఉందే!" అని ఊసింది. ల్యాబ్ రిపోర్టు అవసరం లేకపోయింది. పక్కనున్న కొబ్బరిచెట్టుకి మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు, దానికి ఉప్పు అలవాటే.

తిరువాన్మియూరు నుంచి కోవళం దాకా ఈ ఇసుకలో మంచినీళ్ళు పైపైనే ఉంటాయి, ఎక్కువ తోడితే సముద్రం లోపలికి వస్తుంది. 2019 వేసవిలో ఊళ్ళో చెరువులు ఎండిపోయి ట్యాంకర్ల వెంట పరిగెత్తినప్పుడు ఈ వీధిలో బోర్లే మమ్మల్ని కాపాడాయి. ఇదే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద కాస్త దక్షిణంగా నెమ్మేలిలో 2013 నుంచి సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు తీసి రోజుకి 10 కోట్ల లీటర్ల మంచినీళ్ళు చేసే ప్లాంటు నడుపుతున్నారు. అక్కడ అంత కరెంటు ఖర్చు పెట్టి ఉప్పు తీస్తుంటే, ఇక్కడ మనం బస్తాలు కొని మంచినీళ్ళలో పోసి భూమిలోకి ఇంకిస్తున్నాం. బెంగళూరులో 2024 మార్చిలో నీళ్ళ కటకట వచ్చినప్పుడు అక్కడి జలమండలి పూల్స్‌లో తాగునీళ్ళు వాడొద్దని నిషేధం పెట్టి, 5,000 రూపాయల జరిమానా అంది. ఇక్కడ బ్యాక్‌వాష్ ఎటు పోతోందని నన్ను ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

మేం ఇసుక ఫిల్టర్ తీసేసి కార్ట్రిడ్జ్ ఫిల్టర్ పెట్టించాం. దానికి బ్యాక్‌వాష్ లేదు, తీసి కడిగితే నాలుగు బకెట్ల నీళ్ళతో అయిపోతుంది. వానకి పొంగే నీళ్ళకి వేరే పైపు వేసి వీధి వానకాలువలో కలిపాం. డీలర్ ఈ మార్పుకి విడిగా బిల్లు వేశాడు, మా ఆయన బేరం కూడా ఆడకుండా కట్టేశారు. దాని మీద ఇంకో జవాబు రాయొచ్చు.

గట్టు మీద కడప రాయి వేస్తామంటే ఒప్పుకోకండి. అది సున్నపురాయి, ఉప్పునీళ్ళు చింది ఆరినకొద్దీ పొరలు లేస్తుంది. గ్రానైట్ వేయించుకోండి. నిచ్చెన 316 గ్రేడ్ స్టీలుదే కావాలని కాగితం మీద రాయించుకోండి, 304 పెడితే చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. ఉప్పు మాత్రం శుభ్రం చేసిన, అయోడిన్ కలపనిది తీసుకోండి. ఉప్పు మళ్ళ నుంచి తిన్నగా వచ్చిన కల్లుప్పు చవకే, కానీ మట్టి, ఇనుము మరకలు పూల్ అడుగున కనిపిస్తాయి.

మీ పూల్ ఎన్ని లీటర్లో, బోరు టీడీఎస్ ఎంతో, ఇంకుడు గుంత ఎక్కడుందో కింద రాయండి. ఎంత సెల్ కావాలో, పైపు ఎటు వెయ్యాలో చెబుతా. డీలర్ని అడిగి కాదు, మీరే పెన్ ముంచి చూసి రాయండి.