దవడ పళ్లు పోతే ఇంప్లాంట్లు తప్పవా? నా అనుభవం

అమ్మకు 58 ఏళ్లు, కింద రెండు వైపులా పెద్ద దవడ పళ్లు లేవు, ఒక డాక్టర్ నాలుగు ఇంప్లాంట్లు (దవడ ఎముకలో స్క్రూ బిగించి దానిపై పెట్టే పళ్లు) తప్పవన్నారు, ఇంకొకరు తీసి పెట్టుకునే సెట్టు చాలన్నారు, ఎవరి మాట వినాలి అని మీరు అడిగారు. నేను డాక్టర్‌ని కాను. దేవరకొండ రూట్లో చాలా ఏళ్లు బస్సు కండక్టర్‌గా చేశాను. అవే పళ్లు పోగొట్టుకుని, మీరు రాసిన వైద్యాలన్నీ నా నోట్లోనే చూసుకున్నాను.

ముందు కుడివైపు పోయాయి. పుచ్చి నొప్పి లేస్తే పీకించుకోవడమే మాకు తెలిసిన వైద్యం. వెనక పన్నే కదా, ఎవరు చూస్తారు అనుకున్నాను. 46 వచ్చేసరికి ఎడమవైపూ ఖాళీ. మాది నల్గొండ జిల్లాలో మర్రిగూడ వైపు ఊరు, అక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉండేది, అందుకని అందరూ ఫ్లోరైడ్ నీళ్లనే తిట్టేవారు. ఆ నీళ్లు నా పళ్లకు గోధుమరంగు గార పెట్టిన మాట నిజమే, కానీ అది చిన్నప్పుడు పళ్లు చిగురు లోపల తయారయ్యే వయసులో పట్టేది. నా పళ్లు ఊడింది మాత్రం పుచ్చుతో, చిగుళ్ల జబ్బుతో, నా నిర్లక్ష్యంతో.

మొదట ఒక క్లినిక్‌లో బ్రిడ్జి కట్టించుకున్నాను. బ్రిడ్జి నిలవాలంటే ఖాళీకి రెండు పక్కలా పన్ను ఉండాలి. వెనక పన్నే లేనప్పుడు రెండో గుంజ ఎక్కడిది? కుడివైపు చివరి చిన్న దవడ పన్నును (కోరపన్నుకూ పెద్ద దవడ పళ్లకూ మధ్య ఉండేవాటిలో ఒకటి) అరగదీసి, క్యాప్ తొడిగి, దాని వెనక ఒక పెద్ద పన్ను వేలాడదీశారు. ఏడాదిన్నరకు ఆ మోసే పన్ను చిగురు దగ్గర పుటుక్కున విరిగింది. పోయిన పన్ను కోసం వెళ్లి ఉన్న పన్ను పోగొట్టుకుని వచ్చాను.

తర్వాత గులాబీ రంగు ప్లాస్టిక్ సెట్టు. వెనక ఆనుకోవడానికి పన్ను లేదు కాబట్టి అది చిగురు మీదే కూర్చుంటుంది, నమిలినప్పుడల్లా లేస్తుంది. దాని కింద జొన్నరొట్టె పలుకు దూరితే కళ్లలో నీళ్లు తిరిగేవి. బస్సులో "మాల్, చింతపల్లి, మల్లేపల్లి" అని కేకేస్తే నాలుకకు తగిలేది. నెల తిరగకుండానే అది టికెట్ల బ్యాగులో ఒక డబ్బాలో చేరింది. పెళ్లిళ్లలో మటన్ వడ్డించడానికి వస్తే కడుపు నిండిందని అబద్ధం చెప్పేవాణ్ని. ఇంట్లో మా ఆవిడ నాకోసం కూరలన్నీ గుజ్జుగా ఉడికించేది, పిల్లలు కూడా అదే తినాల్సి వచ్చేది. ఆ మొహమాటం, ఆ చిరాకు ఏ ఎక్స్‌రేలోనూ కనపడవు.

చివరికి నార్కట్‌పల్లి డెంటల్ కాలేజీకి వెళ్లాను. అక్కడ పీజీ చదివే అమ్మాయి ముందు నోరు చూడలేదు, 14 ప్రశ్నల కాగితం తీసింది. తింటూ తింటూ మధ్యలో ఆపేశారా, పళ్ల వల్ల నలుగురిలో సిగ్గుపడ్డారా, ఇంట్లోవాళ్ల మీద విసుక్కున్నారా, ఇలాంటివి. పళ్ల వల్ల మనిషి బతుకు ఎంత ఇబ్బంది పడుతోందో కొలవడానికి చాలా దేశాల్లో వాడే ప్రశ్నలట. అంతకుముందు నన్ను ఎవరూ అడగలేదు.

వాళ్ల సార్ చెప్పింది మీకు బాగా పనికొస్తుంది. నెదర్లాండ్స్‌లో కైసర్ అనే దంతవైద్యుడు 1981లోనే రాశాడట: ముందు పళ్లతో పాటు చిన్న దవడ పళ్లు నాలుగు జతలు పైనా కిందా సరిగ్గా కలుస్తుంటే, పెద్ద దవడ పళ్లు లేకపోయినా చాలామంది బాగానే తినగలరని. అంటే ఖాళీ కనపడగానే పూడ్చాలనేం లేదు. నాకు ఎడమవైపు రెండు జతలూ ఉన్నాయి, అటు ముట్టుకోవద్దన్నారు. కుడివైపు ఒకటి విరిగిపోయింది కాబట్టి అక్కడ రెండు ఇంప్లాంట్లు.

అది కూడా వెంటనే కాలేదు. షుగర్ మూడు నెలల సగటు పరీక్షలో 8 దాటింది, తగ్గించుకుని రమ్మన్నారు. బీడీ మానమన్నారు (ఇది షుగర్ కంటే కష్టమైంది). కింది దవడలో నరం ఎంత లోతులో ఉందో స్కాన్ తీశారు. ఇంకో చిక్కు: కింద పళ్లు లేక పై దవడ పన్ను కిందికి దిగిపోయింది, క్యాప్ పెట్టడానికి జాగా లేదు. దానికి రూట్ కెనాల్ చేసి పొట్టి చేశారు. టైటానియం స్క్రూ ఎముకతో అతుక్కోవడానికి మరో మూడు నెలలు ఆగి క్యాప్ పెట్టారు. ఇప్పుడు జొన్నరొట్టె తింటున్నాను. సకినాలు మాత్రం ఇంకా చాయ్‌లో ముంచుకునే.

మీ అమ్మగారి విషయంలో నాలుగు ఇంప్లాంట్లని ముందే ఒప్పుకోకండి. చిన్న దవడ పళ్లు ఎన్ని జతలు కలుస్తున్నాయో లెక్కపెట్టించండి. ఆమె ఏం తినలేక బాధపడుతున్నారో ఆమెనే అడగండి, డాక్టర్ గదిలో కాదు, ఇంట్లో. తినడానికి ఇబ్బంది లేదంటే ఏమీ పెట్టించకుండా ఉండటం కూడా ఒక వైద్యమే, కాకపోతే మిగిలిన పళ్లను ఏడాదికోసారైనా చూపించాలి. సెట్టే పెట్టిద్దామనుకుంటే ప్లాస్టిక్‌ది కాకుండా లోహపు చట్రంతో చేసేది అడగండి. అది పళ్ల మీద కూడా ఆనుతుంది కాబట్టి తక్కువ కదులుతుంది, ఖర్చూ ఇంప్లాంట్ కంటే చాలా తక్కువ. రాత్రిపూట తీసి కడిగి నీళ్లలో వేయాలి. ఎముకల బలానికి ఇంజెక్షన్లో మాత్రలో, రక్తం పలచబడే మందులో వాడుతుంటే పన్ను పీకించే ముందు, ఇంప్లాంట్ ముందు తప్పకుండా చెప్పండి.

మహబూబ్‌నగర్‌లోనూ డెంటల్ కాలేజీ ఉంది, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ కాలేజీ ఉంది. తిరగడం ఎక్కువ, ఖర్చు తక్కువ. పై పళ్లు ఎన్ని ఉన్నాయో, షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. అవి రాస్తే నాకు తెలిసింది ఇంకా చెప్తాను.